ఛత్ తాళంచెవి ఎవరి దగ్గరుంది?



గుడిమల్కాపూర్‌లో ఉంటానని చెప్తే ఎవరైనా ముందు అనే మాట ఒకటే: "పూలమార్కెట్ దగ్గరా?" అవును, అక్కడే. మొజంజాహీ మార్కెట్ పక్కన జాంబాగ్‌లో ఉండే టోకు పూలమండీ 2009లో మా వైపు వచ్చేసింది. ఫజ్ర్ నమాజ్ చదివి బయటికొచ్చేసరికి బంతి, చామంతి, గులాబీ బస్తాలకు బస్తాలు దిగుతుంటాయి. పక్కనే కూరగాయల మార్కెట్. పుదీనా, కొత్తిమీర కట్టలు గుట్టలుగా పోసి ఉంటాయి. ఊరంతటికీ పెళ్లి సెహరాలు, దర్గాలకు చాదర్లు, గుళ్లకు దండలు ఇక్కడి పూలతోనే.

ఇంత పచ్చదనం రోజూ మా మొహల్లా మీదుగానే పోతుంది. మార్కెట్ దాటి నాలుగు గల్లీలు లోపలికి రండి. పచ్చ ఆకు ఒక్కటి కనబడాలంటే కళ్లు కాయలు కాయాలి. ఇంటి గోడకు గోడ, మెట్ల కింద మోటర్, మెట్ల పక్కన బండి, గుమ్మం దాటితే రోడ్డే. ఒక పుదీనా కుండీ పెట్టుకోవచ్చు కదా అని ఎవరినైనా అడగండి. మూడు జవాబులు వస్తాయి. జగా లేదు. పానీ లేదు. కిరాయి ఇల్లు.

ఈ మూడింటినీ ఇరవై ఏళ్లుగా వింటున్నా. వార్తల పనిలో ఉన్నవాణ్ణి కాబట్టి ఒక మాట విన్నాక దాని వెనకాల ఏముందో చూడటం ఆదత్ అయిపోయింది. నా లెక్కలో ఈ మూడింట్లో మొదటిది నిజం కాదు. మన ఇళ్లలో జగా ఉంది. దానికి తాళం వేసి ఉంది. ఆ తాళంచెవి మకాన్‌మాలిక్ జేబులోనో, అన్నదమ్ముల్లో పెద్దాయన అల్మారాలోనో ఉంది. ఇంటి తోట అనగానే మనం మట్టి, విత్తనాలు, ఎరువు గురించి మాట్లాడతాం. పాతబస్తీ ఇళ్లలో తోట పని మొదలయ్యేది మట్టి దగ్గర కాదు, ఆ తాళంచెవి దగ్గర.

హిస్సాల లెక్కలో లేనిది

మన షహర్ పేర్లు ఒకసారి గుర్తు చేసుకోండి. జాంబాగ్. బాగ్ లింగంపల్లి. ఇమ్లీబన్, అంటే చింతతోపు. ఇప్పుడక్కడ బస్ స్టేషన్. చమేలీ కా మండ్వా, అంటే సన్నజాజి పందిరి. ఇప్పుడక్కడ పందిరీ లేదు, జాజీ లేదు. పబ్లిక్ గార్డెన్స్‌ను మా పెద్దవాళ్లు ఇప్పటికీ బాగ్-ఎ-ఆమ్ అనే అంటారు. బాగ్ అనే మాట మనకు పరాయిది కాదు, షహర్ నిండా మన నాలుక మీదే ఉంది. చెట్లే లేవు.

మా నానీ ఇల్లు కార్వాన్ వైపు ఉండేది. పెద్ద హవేలీ ఏమీ కాదు, పెంకుటిల్లే. కానీ మధ్యలో సెహన్ ఉండేది. ఒక మూల జామచెట్టు, గోడవారగా క్యారీల్లో పుదీనా, అంబాడా, చేంతాడు పక్కన రాత్‌కీరానీ. నల్లా కింద పారిన నీళ్లు నేరుగా క్యారీలోకి పోయేవి. ఆడవాళ్లు పర్దా గొడవ లేకుండా ఆకాశం కింద కూర్చునే చోటు అది. మధ్యాహ్నం బియ్యం ఏరడం, సాయంత్రం పిల్లల తలలు దువ్వడం, రాత్రి మంచాలు వేసుకోవడం, అన్నీ అక్కడే.

తరవాత హిస్సాలు పడ్డాయి. నలుగురు మామూలు, ఇద్దరు ఖాలాలు. ఎవరి హక్ వాళ్లకి రావాల్సిందే, అది షరియత్ మాట, దాని మీద నాకు షిక్వా లేదు. నేను చెప్పేది వేరే. పంచుకునేటప్పుడు గదులు లెక్కపెట్టారు, మెయిన్ రోడ్డు వైపు మల్గీ లెక్కపెట్టారు, గజాలు కొలిచారు. సెహన్‌ను మాత్రం 'ఖాళీ జగా' అని రాశారు. ఖాళీ జగా కదా అని ముందు అదే పోయింది. ఒకరి హిస్సాలో మెట్లు అయింది, ఒకరి హిస్సాలో వంటగది, ఒకరి హిస్సాలో బాత్‌రూమ్. ఆరుగురికీ గదులు దక్కాయి. సెహన్ ఎవరికీ దక్కలేదు.

ఇది ఒక్క మా ఖాందాన్ కథే కాదని మీకు తెలుసు. 60 గజాలు, 80 గజాల జాగాలో కింద ఒకరు, పైన ఒకరు, ఆ పైన కిరాయిదార్ ఉండాలంటే గోడ నుంచి గోడ దాకా కట్టాల్సిందే. 2020లో వచ్చిన టీఎస్-బీపాస్ చట్టం 75 గజాల లోపు జాగాలో చిన్న ఇల్లు కట్టుకునేవాళ్లకి ఒక్క రూపాయి రిజిస్ట్రేషన్‌తో పని సులువు చేసింది. గరీబులకి అది మంచిదే, నేనూ సంతోషించా. కాకపోతే ఏ కాగితంలోనూ సెహన్‌కి ఒక కాలమ్ లేదు. ఉండాలని మనమూ అడగలేదు.

ఇప్పుడు మిగిలింది ఛత్ ఒక్కటే. పాత సెహన్ ఎక్కడికీ పోలేదు, రెండంతస్తులు ఎక్కి పైన కూర్చుంది. సంక్రాంతికి పతంగుల కోసం నాలుగు రోజులు దాని తాళం తీస్తాం. మాంజాలు, దారపుముక్కలు ఊడ్చేశాక మళ్లీ వేసేస్తాం. మిగిలిన 360 రోజులు అక్కడ పగిలిన సింటెక్స్ ట్యాంకు, విరిగిన కుర్చీలు, డిష్ యాంటెన్నా, ఎవరివో తెలియని టైల్స్ ముక్కలు. అందరిదీ కాబట్టి ఎవరిదీ కాదు.

ముందు సులహ్, తరవాత మట్టి

మకాన్‌మాలిక్‌లకు కొన్ని భయాలు ఉంటాయి. వాటిని తక్కువ చేసి మాట్లాడటం నాకు ఇష్టం లేదు. లక్షలు పోసి కట్టుకున్న ఇల్లు. ఛత్ కారితే బాగు చేయించేది వాళ్లే. "ఒకసారి కుండీలు పెడితే తరవాత కబ్జా అంటారు" అనే ఫికర్ కూడా ఉంటుంది. మేం ఇప్పుడుంటున్న ఇంట్లో ఛత్ అడిగినప్పుడు నేను వాదించలేదు. ఒక తెల్లకాగితం మీద ఐదు మాటలు రాసి ఇచ్చా. కుండీలు మాత్రమే, నేల మీద మట్టి పోయం. కుండీల కింద ఇటుకలు పెట్టి నీళ్లు పారే దారి ఖాళీగా ఉంచుతాం. ఇల్లు ఖాళీ చేసినప్పుడు కుండీలు మాతో పోతాయి, లేదా మీకు ఉంటాయి, మీ ఇష్టం. ఇంట్లో ఉన్న అన్ని కుటుంబాలకీ ఛత్ మీదికి వచ్చే హక్ సమానం. పండిన దాంట్లో మీకూ హిస్సా. ఆయన చదివి, నవ్వి, నాలుగోదాని కింద గీత గీశాడు. "ఇది మంచిగుంది" అన్నాడు. మూడో రోజు తాళంచెవి మేకుకి వేలాడింది, అందరికీ అందేలా.

అదే ఇల్లు అన్నదమ్ములదైతే కాగితం కన్నా దస్తర్‌ఖాన్ మీద మాట బాగా పనిచేస్తుంది. ఛత్‌ను నాలుగు ముక్కలుగా గీతలు గీసి పంచుకోకండి. ఆ తప్పు సెహన్ విషయంలో ఒకసారి అయిపోయింది. ఛత్ అందరిదీ, కుండీలు ఎవరివి వాళ్లవి, నీళ్ల వంతు రోజుకొకరిది. అంతే. తోడికోడళ్లు మాట్లాడుకోని ఇళ్లు నాకు తెలుసు. పుదీనా కుండీ ఆ ఇళ్లను బాగుచేస్తుందని నేను చెప్పను. అయితే మాట్లాడుకోవడానికి ఒక సాకు దొరుకుతుంది. "మీ బెండకి పురుగు పట్టింది భాభీ" అన్నదాంతో మొదలైన మాట ఎక్కడిదాకా అయినా పోవచ్చు.

బరువు గురించి మాత్రం ఎహ్‌తియాత్ తప్పదు. మనుషులు తిరిగే ఆర్‌సీసీ ఛత్‌ను మామూలుగా చదరపు మీటరుకు 150 కిలోల అదనపు బరువు లెక్కవేసి డిజైన్ చేస్తారు. తడి మట్టి ఒక ఘనపుటడుగు 45 నుంచి 50 కిలోలు తూగుతుంది. అంటే ఛత్ మీద అడుగు లోతు మట్టి పరిస్తే చదరపు మీటరుకు సుమారు 500 కిలోలు అవుతుంది. అందుకే మట్టి పరవకూడదు, కుండీలే పెట్టాలి, అవి కూడా మధ్యలో కాకుండా గోడల మీదుగా, బీముల మీదుగా. పాత ఇళ్లలో గర్డర్ల మీద షాబాద్ బండలు పరిచిన ఛత్‌లు ఇంకా ఉన్నాయి. అలాంటి చోట మేస్త్రీకి చూపించకుండా ఒక్క డ్రమ్ము కూడా ఎక్కించకండి. ఛత్ మీద ఇప్పటికే చెమ్మ ఉంటే ముందు అది బాగుచేయించండి. ఇల్లు ఉంటేనే తోట.

తీగే పర్దా

తాళం తీశాక ఇంకో అడ్డంకి ఉంటుంది. అది బయటికి ఎవరూ అనరు. మా గల్లీలో ఛత్ మీదికి మగపిల్లలు వెళ్తారు, కబూతర్లు పెంచేవాళ్లు వెళ్తారు. ఆడవాళ్లు బట్టలు ఆరేసి గబగబా దిగేస్తారు. నాలుగు వైపులా వేరే ఛత్‌లు, వేరే కళ్లు. "పైకి పోయి ఏం చేస్తావ్?" అని అడిగే నోళ్లు. రెండు గదుల్లో రోజంతా ట్యూబ్‌లైట్ కింద గడిపే మా తల్లులు, చెల్లెళ్లు ఎండ చూసేది దవాఖానాకి పోయినప్పుడే అంటే అతిశయోక్తి అనుకోవద్దు.

దీనికి జవాబు తోటలోనే ఉంది. పిట్టగోడకు నాలుగు వెదురుబొంగులు కట్టి, జాలీ బిగించి, దాని మీదికి బీర, కాకర, దొండ, చిక్కుడు ఎక్కించండి. రెండు నెలల్లో మనిషెత్తు పచ్చటి గోడ లేస్తుంది. గాలి ఆగదు, చూపు ఆగుతుంది. సిమెంటు గోడ ఎత్తు పెంచాలంటే వేలు కావాలి, పైగా పక్కింటివాళ్లతో గొడవ. బీరతీగ మీద ఎవరూ గొడవ పెట్టుకోరు. అటు వేలాడిన కాయ వాళ్లు కోసుకుంటారు, అంతే. మన ఇళ్లలో తోటకి నేను మొదటి ఫాయిదాగా కూరగాయలను లెక్కపెట్టను. ఇంట్లో ఆడవాళ్లకి ఒక ఆకాశంముక్క తిరిగి రావడమే మొదటి ఫాయిదా.

వుజూ నీళ్లు ఎక్కడికి పోతున్నాయి?

ఇక పానీ. నల్లా నీళ్లు చాలా బస్తీలకి రోజు విడిచి రోజు వస్తాయి. నెలకి 20 వేల లీటర్ల దాకా ఉచితమే అయినా, ఎండాకాలంలో ప్రెషర్ ఉండదు, మూడో అంతస్తుకి ఎక్కదు. తాగడానికే లేని నీళ్లు మొక్కలకెక్కడివి అనే ప్రశ్న సరైనదే.

ఒక రోజు వుజూ చేస్తున్నప్పుడు నల్లా కింద బకెట్ పెట్టి చూడండి. నేను చూశా. సగం తిప్పిన నల్లాతో నాకు మూడు లీటర్లు దాటాయి. ఐదు పూటలు, ఇంట్లో నలుగురు అనుకుంటే రోజుకి 60 లీటర్లు. నడి ఎండాకాలంలో పన్నెండంగుళాల కుండీకి రోజుకి లీటరున్నర, రెండు లీటర్లు పడుతుంది. అంటే ఒక ఇంటి వుజూ నీళ్లతో ముప్పై కుండీలు బతుకుతాయి. ఈ నీళ్లు ఇప్పుడు నాలాలో కలుస్తున్నాయి. హనఫీ ఫిఖ్‌లో ఒకసారి వుజూకి వాడిన నీళ్లతో మళ్లీ వుజూ చెయ్యకూడదు కానీ ఆ నీళ్లు పాకే. మొక్కకి పొయ్యడానికి అడ్డేమీ లేదు. ఒక వెడల్పు టబ్బు, ఒక మగ్గు, అంతకన్నా సామాను అక్కర్లేదు.

మన హుజూర్ సల్లల్లాహు అలైహి వసల్లం ఒక ముద్ నీళ్లతో, అంటే లీటరు కన్నా తక్కువతో, వుజూ చేసేవారని హదీసుల్లో ఉంది. మనం అంతదాకా పోలేకపోయినా, పారబోసేది మొక్క మొదట్లో పారబోయగలం కదా. నా అర్జీ మసీదు కమిటీలకు కూడా. జుమా రోజు ఒక్క మసీదు వుజూఖానా నుంచి ఎన్ని బకెట్లు పోతాయో లెక్కపెట్టండి. ఆ పైపును మోరీలోకి కాకుండా ఒక క్యారీలోకి తిప్పడానికి ఎంత ఖర్చు? సహన్ ఉన్న మసీదులు మనకింకా చాలా ఉన్నాయి. అందులో ఒక వేపచెట్టు, నాలుగు నిమ్మచెట్లు ఎందుకు ఉండకూడదు?

బియ్యం, పప్పు కడిగిన నీళ్లు కూడా మొక్కకి మంచివే. గోష్త్ కడిగిన నీళ్లు గులాబీకి పోసే అలవాటు మన ఇళ్లలో పాతది. పోయండి, కానీ బాగా పలచన చేసి, వారానికి ఒకసారే. రోజూ పోస్తే చీమలు, ఈగలు, వాసన. సబ్బునీళ్లు వద్దు. కుండీల కింద ప్లేట్లలో నీళ్లు నిలవనివ్వకండి. డెంగీ దోమ ఎదురుచూసేది దానికోసమే.

మట్టి, ఎరువు

మట్టి ఊరికే దొరకదు కానీ మనం అనుకున్నంత ఖర్చూ కాదు. ఎర్రమట్టి ఒక భాగం, బాగా మాగిన ఎరువు ఒక భాగం, కొబ్బరిపొట్టు ఒక భాగం, కుండీకి గుప్పెడు వేపపిండి. కొబ్బరిపొట్టు బరువు తగ్గిస్తుంది, తడి పట్టి ఉంచుతుంది. మా వైపు జియాగూడ మేకలమండీ దగ్గరే. మేకపెంట ఎరువుగా చాలా బలమైంది, అయితే పచ్చిది వేస్తే మొక్క మాడిపోతుంది. రెండు మూడు నెలలు మాగాలి. బక్రీద్ ముందు ఇంటికి మేకని తెచ్చుకునేవాళ్లు ఆ పదిరోజుల పెంటను పారెయ్యకుండా ఒక గోనెలో తడిపి పెడితే వానాకాలం పంటకి అందుతుంది.

వంటింటి చెత్తలో కూరగాయల తొక్కలు, గుడ్డు పెంకులు, కడిగిన చాయ్‌పత్తీ చిల్లుల బకెట్‌లో వేసి, మధ్యమధ్యలో ఎండుటాకులు పరచండి. బొమికలు, గోష్త్ ముక్కలు, సాలన్ నూనె మాత్రం అందులో వెయ్యకండి. ఎలుకలకి దావత్ ఇచ్చినట్టే.

పూలమండీ పక్కన ఉన్నవాళ్లకి ఇంకో ఖజానా ఉంది. అమ్ముడుపోని బంతి, చామంతి రోజూ కుప్పలుగా బయట పడేస్తారు. ఒక సంచి తెచ్చి, ఆరబెట్టి, కంపోస్టు బకెట్‌లో కలిపితే మంచి ఎరువు. బోయిన్‌పల్లి మార్కెట్‌లో రోజుకి సుమారు 10 టన్నుల కూరగాయల వ్యర్థాలతో 500 యూనిట్ల దాకా కరెంటు తీసే ప్లాంటు కట్టారు. ఒక మార్కెట్ చెత్త కరెంటు కాగలిగినప్పుడు, ఇంకో మార్కెట్ చెత్త దాని చుట్టూ ఉన్న ఇళ్ల కుండీల్లోకి ఎరువుగా ఎందుకు రాకూడదని మార్కెట్ కమిటీని, కార్పొరేటర్లను మనం అడగొచ్చు. ఓట్లప్పుడు గల్లీ గల్లీ తిరిగేవాళ్లు ఇది వినాలి.

చిగుర్, కర్యాపాక్, అంబాడా

నేను చదివింది ఉర్దూ మీడియం. తెలుగు డిగ్రీకి వచ్చాక ఒక రోజు క్లాసులో చింతచిగురు అనే మాట విని ఉలిక్కిపడ్డా. మా అమ్మీ మార్చి, ఏప్రిల్‌లలో చేసే చిగుర్ గోష్త్‌లో చిగుర్ ఇదే! అప్పటిదాకా అది ఉర్దూ అనుకున్నా. కర్యాపాక్ అంటే కరివేపాకు. కొత్మీర్ అంటే కొత్తిమీర. తెలుగు చెట్ల పేర్లు మన దక్నీ వంటింట్లోకి వచ్చి ఎప్పుడో దస్తర్‌ఖాన్ మీద కూర్చున్నాయి. అంబాడా అనే మాట మాత్రం మనది మనమే ఉంచుకున్నాం. పక్కింటివాళ్లు గోంగూర అంటారు. మొక్క ఒకటే, పులుపూ ఒకటే.

కాలం కూడా ఈ మధ్య అలాగే కలిసింది. 2024లో ఉగాది ఏప్రిల్ 9న, మన ఈద్ 11న. 2025లో ఉగాది మార్చి 30, మర్నాడే ఈద్. ఈ ఏడాది ఉగాది మార్చి 19, ఈద్ చాంద్‌ని బట్టి ఒకటి రెండు రోజుల తేడాలో. వాళ్లకి ఈ వేసవిలో అధికమాసం వస్తోంది, మన హిజ్రీ సాలుకి అధికమాసం లేదు. కాబట్టి వచ్చే ఏడాది ఉగాది ఏప్రిల్‌కి జరుగుతుంది, రంజాన్ ఫిబ్రవరిలోకి వెళ్తుంది. ఇకమీదట రంజాన్ చలికాలంలోకి పోతూ ఉంటుంది. వసంతం, రంజాన్ ఒక దస్తర్‌ఖాన్ మీద కూర్చునే ఈ అవకాశం మళ్లీ రావాలంటే ముప్పై ఏళ్లకి పైనే. కాబట్టి ఈసారి వాయిదా వెయ్యకండి.

షాబాన్ సగం దాటింది. రంజాన్‌కి పది రోజులుంది. ఇవాళ విత్తితే ఏది ఎప్పటికి వస్తుందో చెప్తా. మెంతులు మసాలాడబ్బాలోవే చాలు, రాత్రి నానబెట్టి చల్లితే 25 నుంచి 30 రోజుల్లో కోతకొస్తాయి. అంటే మూడో అష్రా మొదలయ్యే నాటికి. ధనియాలను అరచేత్తో నలిపి రెండు బద్దలు చేసి, నానబెట్టి చల్లండి. ఈద్ నాటికి కొత్తిమీర మీ ఛత్ మీదిదే. పుదీనాకి విత్తనం అక్కర్లేదు. మార్కెట్ కట్టలోంచి గట్టి కాడలు నాలుగు తీసి, కింది ఆకులు తుంచి, గ్లాసు నీళ్లలో వారం ఉంచితే వేళ్లు వస్తాయి. వెడల్పు కుండీలో నాటి, మధ్యాహ్నం ఎండ తగలకుండా పెట్టండి. ఇఫ్తార్ దహీవడల మీదికి మొదటి ఆకులు అందుతాయి. పాలకూర, తోటకూర నెలలోపే వస్తాయి.

ఎండ ముదిరాక కొత్తిమీర, మెంతి పూతకి పోతాయి. ఏప్రిల్, మేలలో మన దగ్గర 40 డిగ్రీలు దాటే ఎండకి నిలబడేవి వేరే. అంబాడా, బెండ, గవార్ అని మనం పిలిచే గోరుచిక్కుడు, బచ్చలి, బీర, సొర. వీటి విత్తనాలు ఇప్పుడే పడాలి. టమాటా, మిర్చి మాత్రం విత్తనం నుంచి మొదలుపెడితే ఆలస్యం, నర్సరీ నారు తెచ్చి నాటండి. మార్చి చివర్లో పైన గ్రీన్‌నెట్ కట్టండి. పేనుబంక కనబడితే లీటరు నీళ్లకి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు కలిపి సాయంత్రం చల్లండి. కబూతర్లు ఉన్న మొహల్లాలో మొలకల మీద పాత జాలీ కప్పడం మర్చిపోకండి.

సొరకాయని మనం కద్దూ అంటాం. దాల్చాలో వేస్తాం, ఖీర్ చేస్తాం. దానికి కనీసం 40, 50 లీటర్ల డ్రమ్ము కావాలి. దాని పూలు సాయంత్రం తెల్లగా విచ్చుకుంటాయి. ఛత్ మీదికి తేనెటీగలు తక్కువ వస్తాయి కాబట్టి మగపువ్వు కోసి ఆడపువ్వుకి మనమే తాకించాలి. పువ్వు కింద చిన్న కాయలాంటిది ఉంటే అది ఆడది. అస్ర్ తరవాత, మగ్రిబ్ ముందు పిల్లల్ని పైకి పంపండి, వాళ్లకి చూపించండి. ఏ సైన్స్ పుస్తకమూ ఇంత బాగా చెప్పదు. చేతిలో ఫోన్ లేకుండా వాళ్లు గడిపే పది నిమిషాలు అదనపు ఫాయిదా. ఇంకా నేర్చుకోవాలనుకుంటే నాంపల్లి రెడ్‌హిల్స్‌లో ఉద్యానశాఖ శిక్షణ కేంద్రం పట్టణ సాగు మీద తరగతులు పెడుతూ వస్తోంది. మనకి బస్సులో దగ్గరే. అక్కడికి మనవాళ్లూ ఎక్కువగా వెళ్లాలి, భార్యాభర్తలు కలిసి వెళితే ఇంకా మంచిది.

లెక్క మాట

ఒక విషయం సాఫ్‌గా చెప్పాలి. ఈ తోటతో మీ సబ్జీ ఖర్చు సగానికి తగ్గుతుందని ఎవరైనా అంటే నమ్మకండి. పదిహేను కుండీలతో నలుగురి కుటుంబం కూరగాయలు పండించదు. ఆకుకూర, పుదీనా, కొత్మీర్, కర్యాపాక్, పచ్చిమిర్చి కొనే పని చాలావరకు తప్పుతుంది. మిగతావి వారానికి ఒక పూట కూర. మొదటి ఏడాది కుండీలకి, మట్టికి పెట్టిన డబ్బు కూడా వెంటనే వెనక్కి రాకపోవచ్చు. పాత పెయింట్ డబ్బాలు, నూనె డబ్బాలు, పగిలిన ఆ సింటెక్స్ ట్యాంకు కోసి వాడితే ఖర్చు బాగా తగ్గుతుంది.

మరి ఎందుకు? మన హుజూర్ చెప్పిన మాట మీకందరికీ తెలిసిందే. ముసల్మాన్ నాటిన మొక్కలోంచి మనిషి తిన్నా, పిట్ట తిన్నా, పశువు తిన్నా నాటినవాడికి సదఖా రాస్తారు. ఇందులో నన్ను ఆపేది పిట్ట. మనం పిట్ట తిన్నదాన్ని నష్టం అంటాం. ఆ లెక్కలో అది జమ. ఎవరు తిన్నారో తెలియకపోయినా బర్కత్ ఆగదు. అలాంటప్పుడు కిరాయిదార్ కోసుకున్నాడని, పక్కింటి పిల్లాడు టమాటా తెంపాడని గొడవలెందుకు?

స్పెయిన్‌లో ఖుర్తుబా అనే షహర్ ఉంది, వాళ్లు కోర్దోబా అంటారు. అక్కడ పాత ఇళ్లలో చాలా కుటుంబాలు ఒకే సెహన్ చుట్టూ ఉంటాయి. సెహన్ నిండా గోడలకి పూలకుండీలు. ఎండ దంచేసే ఊరు, మన ఊరిలాగే. ఏ సెహన్ బాగుందో తేల్చే పోటీ 1921లో మొదలైంది. మే నెలలో తలుపులు తెరిచి ఊరందరినీ లోపలికి పిలుస్తారు. 2012లో యునెస్కో ఈ ఆచారాన్ని మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. వాళ్లేమీ నవాబులు కాదు, మనలాంటి మామూలు కిరాయిదార్లు, పనివాళ్లు. పక్కపక్కన ఉన్నవాళ్లు కలిసి ఒక సెహన్‌ను బతికించుకున్నారు. సెహన్ ఉన్న ఇళ్లు మన దగ్గర ఇంకా ఎక్కడైనా మిగిలి ఉంటే, అల్లాహ్ కోసం వాటిని కాపాడుకోండి. లేనివాళ్లకి ఛత్ ఉంది.

మకాన్‌మాలిక్ భాయిలకి నా అర్జీ ఇది. రంజాన్‌లో మీరు జకాత్ తీస్తారు, ఇఫ్తార్లు పెడతారు, అల్లాహ్ కబూల్ చెయ్యాలి. ఈసారి ఇంకొకటి చెయ్యండి, పైసా ఖర్చు లేదు. ఛత్ తాళం తీసి, చెవిని మెట్ల దగ్గర మేకుకి తగిలించండి. అన్నదమ్ముల ఇళ్లలో పెద్దవాళ్లకి కూడా ఇదే మాట. కిరాయిదార్లూ, మీరు అడగకుండా వాళ్లివ్వరు. ఈ రాత్రి ఇషా తరవాత వెళ్లి సలాం చెప్పి అడగండి. షర్తులు ముందే కాగితం మీద రాసుకుని వెళ్లండి. విత్తనాల ప్యాకెట్ రేపు కొనొచ్చు.